బుచ్చి డ్రమ్ము ఒక దెబ్బ ఆలస్యం

దిల్‌సుఖ్‌నగర్,
10 ఏప్రిల్ 2006.

బామ్మర్ది గోపయ్యకు,

నీ బావ భూపాల్ ఆశీస్సులు. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. మొన్న మూడుసార్లు చేశాను. మొదటిసారి "పశువుల దవాఖాన, ఏం బర్రె, ఎన్నో ఈత" అన్నావు. రెండోసారి పోలీస్ స్టేషన్ అన్నావు. మూడోసారి ఆడగొంతు పెట్టావు. నీ భార్య అనంతమ్మ అనుకొని నా మోకాళ్ళ నొప్పుల సంగతి పావుగంట చెప్పుకున్నాను. కాగితం మీదైతే గొంతు మార్చలేవు.

విషయం ఇది. నా దగ్గర ప్లాటు కొన్నవాళ్ళలో రిటైరైన పైలట్ ఒకాయన ఉన్నాడు, అందరూ కెప్టెన్ సాబ్ అంటారు. ప్రతి నెల మొదటి ఆదివారం వాళ్ళింట్లో పదిమంది కూర్చొని జాజ్, ఫంక్ అనే సంగీతం వింటారు. సగం పాత రికార్డులు, సగం నిన్నమొన్న వచ్చిన సీడీలు. మామూలు పాటలు కావు, రోడ్డు దిగి పొలాలకు అడ్డంపడి పోయే రకం. కస్టమరు పిలిచాడు కదా అని మొదట పోయాను. మూడో నెలకు కస్టమరు సంగతి మరిచిపోయాను, పాట కోసమే పోతున్నాను. నవ్వకు.

అక్కడ ఒక రూలుంది. వంతు వచ్చినవాడు మిగతావాళ్ళు ఎన్నడూ వినని పాట తేవాలి. ఎవరైనా విన్నానని చెయ్యెత్తితే వంతు పోయినట్టే. రెండుసార్లు పోతే కుర్చీ ఖాళీ చేయాలి. జనవరిలో నేనొక కొత్త సీడీ కొనుక్కుపోయాను. తొమ్మిది చేతులు లేచాయి. చాయ్ ఇచ్చే ఆయన కూడా ట్రే కింద పెట్టి చెయ్యెత్తాడు. మే ఏడో తారీకు మళ్ళీ నా వంతు.

నాదర్‌గుల్‌లో విమానాలు నేర్పే సారు అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ రెండు ట్రంకు పెట్టెల రికార్డులు వదిలిపోయాడట. ఇంటాయన వాటిని నీ టెంట్ హౌస్‌లో పడేశాడని తెలిసింది. రికార్డు మిషను ఉన్నది ఆ చుట్టుపక్కల నీ ఒక్కడి దగ్గరే కదా. వెంటనే పంపించు.

ఇట్లు,
నీ బావ,
భూపాల్.

తా.క. చిలిపి పనులు వద్దు. పెళ్ళినాడు నా కోటు జేబులో కోడిపిల్లను పెట్టినవాడివి నువ్వు. ఇరవై ఏడేళ్ళయింది, ఇప్పటికీ చూసుకోకుండా జేబులో చెయ్యి పెట్టను. మన కట్టు గుర్తుందిగా, మోసపోయినవాడు రెండోవాడు చెప్పిన పని నోరెత్తకుండా చేయాలి. పోయినసారి ఓడి నీ టెంట్ హౌస్ గిన్నెలు కడిగింది నేనే. ఈసారి ఆటకు నేను రాను.

* * *

ఇబ్రహీంపట్నం,
16 ఏప్రిల్ 2006.

బావకు గోపయ్య దండం.

నీ ఆశీస్సులు దారిలో కొద్దిగా నలిగినట్టున్నాయి, అనంతమ్మ ఇస్త్రీ పెట్టె కింద పెట్టింది. ఫోన్ విషయంలో నా తప్పేమీ లేదు. పశువుల దవాఖాన అనగానే నువ్వే "నమస్తే డాక్టర్ సాబ్" అన్నావు.

పెట్టెలు నా దగ్గరే ఉన్నాయి. నీ ఉత్తరం వచ్చేదాకా వాటిమీద కూర్చొని అన్నం తింటున్నాను. తెరిస్తే రికార్డులు నూటికి పైనే. అట్టల మీద బొమ్మలు చూస్తే గీసినవాళ్ళు ఏ పూట కల్లు ఆ పూట తాగినట్టుంది. ఒకదాని మీద ఒక మనిషి నెత్తిన చేప, చేప నెత్తిన టోపీ.

బియ్యం డ్రమ్ము మీద నుంచి నా రికార్డు మిషను దించాను. పెళ్ళిళ్ళకు చిన్న రికార్డులు వేసే రోజుల్లో ఊరూరా తిరిగిన మిషను, పద్దెనిమిదేళ్ళుగా దుప్పటి కప్పుకొని పడుకుంది. దుమ్ము దులిపి, ముల్లు మార్చాను. స్పీడు మార్చే పుల్ల తుప్పు పట్టి కదల్లేదు. అప్పట్లో పెళ్ళి పాటలకు ఎక్కడుందో అక్కడే ఉంచి చేప దొరను పెట్టాను.

బావా, ఏం చెప్పమంటావు. నాలుగు పెళ్ళిళ్ళ బ్యాండ్లు ఎదురెదురుగా వచ్చి ఒకే సందులో ఇరుక్కున్నట్టుంది. అనంతమ్మ గరిటె పట్టుకొని వచ్చి, "కుక్కర్ కూతేదో పాటేదో తెలుస్తలేదు. పప్పు మాడింది. రెండిట్ల ఒకటి బంద్ చెయ్" అంది. కుక్కర్ బంద్ చేశాను. రెండో రికార్డు ఫంక్ అట. దొడ్డు తీగల గిటారు ఒక్క ముక్కనే పట్టుకొని అన్నదే అంటుంది, అచ్చం అనంతమ్మే. కానీ నాకు తెలియకుండా నా కాలు ఊగింది. కాలును తిట్టాను. అయినా ఊగింది.

అప్పుడు సీమోను వచ్చాడు. బ్యాండ్ మాస్టర్ సీమోను, మీ పెళ్ళికి బ్యాండ్ పెట్టిన సామ్యేలు కొడుకు. ఏడు ఎర్రకోట్లు మూట కట్టుకొని వచ్చాడు. డీజే డబ్బాలు వచ్చాక బ్యాండ్‌ను పిలిచేవాళ్ళు లేరు. ఈ ఎండాకాలం మొత్తంలో వాళ్ళకు దొరికినవి రెండే బరాత్‌లు. జూన్ ఒకటి నుంచి శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వాచ్‌మన్‌గా పోతున్నాడు. కోట్లు నా గోదాములో పెట్టమన్నాడు. సాక్సఫోను మాత్రం ఇంట్లో మేకుకు తగిలిస్తానన్నాడు.

మాట మధ్యలో ఆగిపోయాడు. రికార్డు తిరుగుతోంది. మూట భుజం మీదే ఉంది, మనిషి గంటసేపు కదల్లేదు. నేను నవ్వుతూ, వీళ్ళెవరికీ వాయించడం రాదు కదరా అన్నాను. సీమోను నవ్వలేదు.

"గోపన్నా, గీళ్ళు తప్పు వాయిస్తలేరు. బరాత్‌ల దోస్తులు డ్యాన్స్ ఆపకుంటే మనం ఒక్క ముక్కనే పట్టుకొని అరగంట సాగదీస్తం సూడు, గట్లనే సాగదీస్తున్నరు. వీళ్ళకు పెండ్లికొడుకు లేడు, గంతే."

ఆరోజు నుంచి రోజూ పొద్దున వచ్చి రికార్డు పక్కన కూర్చొని వాయిస్తున్నాడు. మిగతా ఆరుగురినీ పిలిచాడు. వాళ్ళలో పెద్ద డ్రమ్ము కొట్టే బుచ్చి ఒకడు. మీ పెళ్ళిలో కొట్టినవాడే. కొట్టే ముందు కర్రను ఒకసారి చూసుకోవడం వాడికి అలవాటు, అందుకే అప్పుడూ ఇప్పుడూ ఒక దెబ్బ ఆలస్యం.

కాబట్టి పెట్టెలు పంపలేను. జూన్ దాకా సీమోనువి.

ఇట్లు,
గిన్నెలు నున్నగా కడిగావని ఇప్పటికీ మెచ్చుకునే
నీ బామ్మర్ది గోపయ్య.

తా.క. చేప నెత్తిన టోపీ ఎందుకుందో మీ కెప్టెన్ సాబ్‌ను అడుగు. అనంతమ్మ రెండు రోజులుగా అదే ఆలోచనలో ఉంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోంది.

* * *

దిల్‌సుఖ్‌నగర్,
20 ఏప్రిల్ 2006.

గోపయ్యా,

ఆశీస్సులు ఈసారి సగమే. కుర్చీ పోతుందని నేను మొత్తుకుంటుంటే పెట్టెలు సీమోనుకు ఇచ్చావు. పోనీ, అతని కష్టం విన్నాక గుంజుకొమ్మని నేను అనలేను. రికార్డులు అక్కడే ఉండనీ. అన్నిటికంటే విచిత్రమైనది ఒకటి చూసి క్యాసెట్‌లోకి ఎక్కించి పంపు. ఎవరు వాయించారు, ఏ దేశం, ఏ ఏడు, అన్నీ రాయి.

జాగ్రత్త. అక్కడ శ్రీపాల్ గారని ఒక ప్రొఫెసర్ ఉన్నాడు. ఏది పెట్టినా "ఇది నేను అక్కడే ఉండి విన్నాను" అంటాడు. ఆయన కూడా విననిది కావాలి.

భూపాల్.

తా.క. చేప సంగతి కెప్టెన్ సాబ్‌ను అడిగాను. కళ్ళు మూసుకొని చాలాసేపు ఆలోచించి, "అదే ప్రశ్న" అన్నాడు. అనంతమ్మకు చెప్పు.

* * *

ఇబ్రహీంపట్నం,
29 ఏప్రిల్ 2006.

మహారాజశ్రీ బావ సముఖమునకు,

నువ్వు చేసిన పుణ్యం ఊరికే పోలేదు. రెండో పెట్టె అడుగున, పాత పేపరు కింద, ప్రపంచంలో ఎవడూ వినని రికార్డు దొరికింది. క్యాసెట్ ఇందులో పెట్టాను. వివరాలు రాసుకో.

పేరు "ఆగని ఊరేగింపు". వాయించింది లాజరస్ దొర, ఆయన మేళం ఏడుగురు. దేశం పటంలో దొరకదు, వెతికి కళ్ళు పాడుచేసుకోకు. సముద్రంలో ఒక చిన్న దీవి. వానాకాలంలో అది కూడా సగమే ఉంటుందట. ఏడు 1971. నలభై రికార్డులే అచ్చేశారు. ముప్పైతొమ్మిది పడవలో పోతుంటే మునిగాయి. మిగిలింది ఇది.

లాజరస్ దొర బతుకు తెరువుకు ఒక పెద్ద గోడౌనుకు కాపలా కాసేవాడు. గేటు దగ్గర నిలబడి వాయించేవాడు కాబట్టి పాటలో ఎవరో వస్తున్నట్టు, పోతున్నట్టు ఉంటుంది. పెద్ద డ్రమ్ము అన్నిచోట్లా ఒక దెబ్బ ఆలస్యంగా పడుతుంది. అది తప్పనుకునేవు, కావాలని చేసిందే. మీవాళ్ళు అడిగితే "కాలం మీద తిరుగుబాటు" అని చెప్పు. ఈ మాట నాకు ఎట్లా వచ్చిందో నాకే తెలియదు, రాగానే గోడ మీద రాసిపెట్టుకున్నాను.

వేగం చూసి భయపడకు. ఆ దీవిలో అందరూ అంతే వేగంగా ఉంటారట. అన్నం కూడా అట్లాగే తింటారు.

సీమోను క్షేమం. కాలేజీవాళ్ళు నీలం చొక్కా, విజిలు ఇచ్చిపోయారు. విజిలు ఊది చూసి, "దీంట్ల ఒక్కటే సురం ఉన్నది" అన్నాడు.

ఇట్లు,
నీ మేలు తప్ప ఇంకేదీ కోరడం చేతకాని
గోపయ్య.

తా.క. రెండో వైపు మధ్యలో ఒక మేక అరుస్తుంది. విదేశాల్లో కూడా మేకలుంటాయి. దాని తర్వాత ఒక ఆడమనిషి "నీళ్ళొచ్చినయ్, బిందెలు పెట్టు" అన్నట్టు వినిపిస్తే అది నీ చెవుల భ్రమ. ఆ దీవి భాషలో దానికి ఇంకేదో అర్థం ఉంటుంది.

* * *

దిల్‌సుఖ్‌నగర్,
9 మే 2006.

నా బంగారు బామ్మర్దికి,

బావ నిండు మనసుతో ఇచ్చే పూర్తి ఆశీస్సులు, పోయినసారి బాకీ పడ్డ సగంతో సహా.

ఒక్క చెయ్యి లేవలేదు. మొదటి వైపు అయ్యేసరికి కెప్టెన్ సాబ్ లేచి నిలబడ్డాడు. ఈ పాటలో ఒక ముక్క ఆయన దగ్గరున్న పాత రికార్డులో ఉందట, కానీ అది నడుస్తుంది, ఇది పరుగెత్తుతోంది అన్నాడు. ఇంత వేగంగా ఇంత పైసురంలో సాక్సఫోను వాయించినవాణ్ణి నలభై ఏళ్ళలో వినలేదన్నాడు. నేను గొంతు సవరించుకొని "కాలం మీద తిరుగుబాటు" అన్నాను. ఇద్దరు రాసుకున్నారు.

ఐదు నిమిషాల తర్వాత శ్రీపాల్ గారి చెయ్యి లేచింది. లాజరస్ దొరను ఆయన 1974లో ఎదురుగా కూర్చొని విన్నాడట. వాయించేటప్పుడు చెవిమీద ఎర్రపువ్వు పెట్టుకునేవాడట. మరి మొదటే ఎందుకు చెయ్యెత్తలేదని కెప్టెన్ సాబ్ అడిగితే, దుఃఖంలో ఉండిపోయానన్నాడు. చెయ్యి లెక్కలోకి రాదని తేల్చారు.

కుర్చీ నిలిచిందని నువ్వు అనుకుంటున్నావు, నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ అందరికీ ఆ రికార్డు కళ్ళతో చూడాలనుంది. మే ఇరవై ఎనిమిది, ఆదివారం పొద్దున పదిమందీ వ్యానులో ఇబ్రహీంపట్నం వస్తారు. రికార్డు చూపించలేకపోతే నేను కట్టుకథ చెప్పినవాణ్ణి అవుతాను. కుర్చీ పోవడం అటుంచు, కెప్టెన్ సాబ్ ముఖం మళ్ళీ చూడలేను. దాన్ని తుడిచి, అట్ట వేసి ఉంచు.

నీ బావ,
భూపాల్.

తా.క. మీ అక్క నిర్మల వంటింట్లో ఉండి క్యాసెట్ విన్నది. పొయ్యి ఆపి, కూర్చొని, కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఎందుకని అడిగితే చెప్పడం లేదు. మీ వంశంలో ఇది ఎప్పటినుంచి ఉంది?

* * *

ఇబ్రహీంపట్నం,
13 మే 2006.

బావకు గోపయ్య కన్నీటి దండం.

ఏ నోటితో చెప్పను. లాజరస్ దొర రికార్డు ఇక లేదు. తుడిచి ఎండలో ఆరబెట్టాను. ఎండకు వంగింది. వంగినదాన్ని సరిచేద్దామని పరుపు కింద పెట్టాను. అదే పరుపు మీద అనంతమ్మ తమ్ముడు కూర్చున్నాడు. ఆయన ఎంత ఉంటాడో నీకు తెలుసు, వేరే చెప్పను. మూడు ముక్కలైంది. అతికిద్దామని బయట పెడితే మేక ఒక ముక్క తిన్నది. క్యాసెట్‌లో అరిచిన మేక కాదు, వేరే మేక.

వ్యాను రద్దు చెయ్యి. ఇక్కడ ఎండలు మస్తుగా ఉన్నాయి, కెప్టెన్ సాబ్ పెద్దమనిషి. రోడ్డంతా కొత్త ప్లాట్ల కోసం తవ్విపోశారు, తవ్వించినవాళ్ళలో నువ్వూ ఉన్నావు.

దుఃఖంలో,
గోపయ్య.

తా.క. శ్రీపాల్ గారికి నా నమస్కారం చెప్పు. అబద్ధం చెప్పడంలో నేనింకా ఒకటో తరగతే అని ఆయన వల్లే తెలిసింది. ఎర్రపువ్వు నాకు తోచనే లేదు.

* * *

దిల్‌సుఖ్‌నగర్,
17 మే 2006.

గోపయ్యకు,

రికార్డు పోతే పోయింది, ఏడవకు. ఇప్పుడు దానికంటే పెద్ద సంగతి జరిగింది.

కెప్టెన్ సాబ్ విమానాలు నడిపినవాడు, ఆయనకు తెలియని దేశం లేదు. నలుగురికి ఫోన్లు చేసి లాజరస్ దొర కూతురిని పట్టుకున్నాడు. పేరు మార్తా. తండ్రి వాయించింది ఒక్క పాట కూడా ఆమె దగ్గర లేదట. మన క్యాసెట్ ఫోన్‌లో వినిపిస్తే ఆ తల్లి వెంటనే టికెట్ కొన్నదట. రెండు విమానాలు మారి వస్తోంది. ఇరవై ఎనిమిదిన మాతోపాటు వ్యానులో ఇబ్రహీంపట్నం చేరుతుంది. మేక వదిలిన రెండు ముక్కలైనా కళ్ళకద్దుకొని తీసుకుపోతానన్నది.

ఆమె మాంసం తినదు. అనంతమ్మను పచ్చిపులుసు చేయమను.

ఇట్లు,
భూపాల్.

తా.క. ఆ దీవిలో నిజంగానే అన్నం వేగంగా తింటారా అని అడిగాను. అవునన్నది. నీకెట్లా తెలుసు?

* * *

ఇబ్రహీంపట్నం,
20 మే 2006.

బావా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో, అక్క అయితే పరవాలేదు.

నీ ఉత్తరం ఏడుసార్లు చదివాను. నేను మంచం మీద పడుకొని పైకప్పు చూస్తూ పుట్టించిన మనిషికి కూతురు ఎట్లా పుట్టింది? అనంతమ్మకు చెప్తే, "నువ్వు పుట్టిచ్చినోనికి బిడ్డ ఉన్నదంటే నీకు మన్మరాలే గద. చీర పెట్టి పంపుదాం" అన్నది. ఆమెకు నవ్వులాటగా ఉంది. నేను మాత్రం రెండు రోజులుగా అన్నం ముందు కూర్చొని లేస్తున్నాను.

లాజరస్ లేడు. దీవి లేదు. పడవ మునగలేదు. ఆ క్యాసెట్‌లో ఉన్నది సీమోను. ఆరుగురితో నా గోదాములో వాయిస్తుంటే బియ్యం బస్తాల వెనక టేప్ రికార్డర్ పెట్టాను. ఆలస్యంగా పడే డ్రమ్ము బుచ్చిది. మేక నాదే. నీళ్ళొచ్చాయన్నది అనంతమ్మే.

వేగం సంగతి కూడా చెప్తాను. ఆ పెద్ద రికార్డులు నిమిషానికి ముప్పైమూడు చుట్లు తిరగాలట. నా మిషను పుల్ల పెళ్ళి పాటల కాలం నుంచి నలభైఐదు మీద బిగిసి ఉంది. సీమోను ఆ పరుగెత్తే పాటలనే విని నేర్చుకున్నాడు, ఏడుగురినీ పరుగెత్తించాడు. మొన్న కిరసనాయిలు పోసి నేను పుల్లను కదిలించాను. పాట ఒక్కసారి నింపాదిగా నడిచింది. సీమోను చాలాసేపు విని, "గీళ్ళు నడుస్తున్నరు గోపన్నా. మనం ఉరికినం" అన్నాడు. ఆ తర్వాత నీలం చొక్కా మడత విప్పి చూసుకున్నాడు.

నేనెందుకు చేశానో చెప్పకపోతే నువ్వు ఉత్త కోడిపిల్ల పనే అనుకుంటావు. ఇబ్రహీంపట్నం బరాత్ బ్యాండ్ అని రాసి పంపితే మీ పదిమంది వినేవాళ్ళా? చాయ్ తాగి పక్కన పెట్టేవాళ్ళు. పాట తెలిసినవాళ్ళు ఒక్కసారి సీమోనును వినాలనుకున్నాను, ఎవడో తెలియకుండా వినాలి. అందుకే చర్చి క్యాలెండర్‌లో ఒక పేరు చూసి తగిలించాను.

ఇంకొకటి. మన మండలంలో డీజే డబ్బాలు మొదట తెచ్చింది నేను. మహేశ్వరం దాకా పంపింది నేను. సీమోను ఎర్రకోట్లు నా గోదాముకే వచ్చాయి, నన్ను ఒక్క మాట అనకుండా మూట దించాడు. అంటే బాగుండేది.

సీమోనుకు ఇదేదీ తెలియదు. తనను నవ్వులాటకు వాడుకున్నానని తెలిస్తే సాక్సఫోను మేకుకు తగిలించడమే కాదు, మేకును కూడా వంచేస్తాడు. అతనికి చెప్పకు. ఇరవై ఎనిమిదిన నేనే వచ్చి మీవాళ్ళ ముందు చెవులు పట్టుకుంటాను. కుర్చీ నీకు ఉంచమంటాను. ఆ మార్తమ్మకు ఏం చెప్పాలో మాత్రం నాకు తోచడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

ఓడినవాడు,
గోపయ్య.

తా.క. పచ్చిపులుసుకు చింతపండు నానబెట్టమంటావా, వద్దా? అనంతమ్మ గిన్నె పట్టుకొని నిలబడి ఉంది.

* * *

దిల్‌సుఖ్‌నగర్,
24 మే 2006.

ఓడిన బామ్మర్దికి గెలిచిన బావ ఆశీస్సులు,

చింతపండు నానబెట్టు. పదకొండు మందికి.

మార్తా లేదు. నువ్వు మనిషిని పుట్టిస్తే నేను వాడికి కూతుర్ని పుట్టించాను, అంతకంటే ఏమీ జరగలేదు. బైబిల్లో లాజరస్‌కు మార్తా తోబుట్టువు, కూతురు కాదు. ఆ పేరు పెడితే నువ్వు పట్టేస్తావని సీమోను అన్నాడు. నువ్వు ఎక్కడైనా బొమ్మలు చూస్తావు కానీ కింద అక్షరాలు చదవవని నేనన్నాను. అవును, సీమోనుతోనే మాట్లాడాను, నువ్వు సరిగ్గానే చదివావు.

క్యాసెట్ వచ్చిన రోజే మీ అక్క పట్టుకుంది. మొదటి డ్రమ్ము దెబ్బకే పొయ్యి ఆపింది. "ఇది మన పెండ్లిల కొట్టిన డ్రమ్మే. ఆ దెబ్బ కోసం ఆగి ఆగి నేను పీటల మీద నిద్రపోయిన" అన్నది. నాకు చెప్పనట్టు రాశాను కదూ, అది కూడా ఆటలో భాగమే. రాత నా వల్ల కాదనుకున్నావు గానీ, ఇరవై ఏడేళ్ళు నీ ఉత్తరాలు చదివినవాణ్ణి.

ఏడో తారీకున క్యాసెట్ అయ్యాక, శ్రీపాల్ గారు పువ్వు సంగతి చెప్పడం కూడా అయ్యాక, నేను నిజం చెప్పేశాను. ఇది మా బామ్మర్ది ఊరి బ్యాండ్, వాయించింది సీమోను, పెళ్ళిళ్ళు లేక వాచ్‌మన్‌గా పోతున్నాడు అని. ఎవరూ కుర్చీ మాట ఎత్తలేదు. కెప్టెన్ సాబ్ క్యాసెట్ తిప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నాడు. శ్రీపాల్ గారు తన చేతిని చూసుకుంటూ కూర్చున్నాడు, పాపం, ఇప్పటికీ ఎత్తడం లేదు.

ఇరవై ఎనిమిదిన పదిమందిమీ వస్తున్నాం. పదకొండో ఆమె మీ అక్క. రికార్డు చూడ్డానికి కాదు, బ్యాండ్ వినడానికి. జూన్ పదకొండున కెప్టెన్ సాబ్ బిడ్డ పెళ్ళి. బరాత్‌కు సీమోను బ్యాండే. డీజే వద్దన్నాడు.

ఇక మన కట్టు. ఓడినవాడు నోరెత్తకూడదు. మొదటిది, నీ దగ్గర టెంట్ అడిగిన ప్రతివాడికీ ముందు సీమోను బ్యాండ్ వినిపించాలి. విన్నాక కూడా డబ్బాలే కావాలంటే అప్పుడు ఇవ్వు. రెండోది, పదకొండో తారీకు బరాత్‌లో ఎర్రకోటు వేసుకొని గిలక్కాయలు ఊపుతూ ముందు నడవాలి. కోటు నడుము దగ్గర విప్పి కుట్టమని టైలరుకు చెప్పాను.

సీమోను ఇప్పుడు నా పక్కనే ఉన్నాడు, పెళ్ళి మాటకు పట్నం వచ్చాడు. చివరి తా.క. తనదేనంటున్నాడు. ఇస్తున్నాను.

ఇట్లు,
చూసుకోకుండానే జేబులో చెయ్యి పెట్టుకున్న
నీ బావ భూపాల్.

తా.క. గోపన్నా, సీమోను రాస్తున్న. బస్తాల ఎనక టేపు ఎర్రలైటు నాకు మొదటి దినమే కనవడ్డది. అందుకే ఆ పొద్దు బుచ్చికి జెప్పిన, రోజుకన్న ఇంకింత ఆలస్యం కొట్టుమని. నిన్న శేరిగూడ పోయి పెండ్లి దినాలల్ల డ్యూటీకి రానని చెప్పిన. గట్లయితే ఏ దినం రాకు అన్నరు. మంచిదన్న. ఒక్క పెండ్లికి నౌకరి ఇడుస్తవా అని అడుగుతవ్, నౌకరికి పోతే ఆ ఒక్కటి గూడ ఉండదు. మరి నీ జాగల ఎవ్వరన్న నమ్మకస్తుడు ఉంటే చెప్పుమన్నరు. డబ్బాలు తక్కువైతే నీకు తీరిక దొరుకుతది గదా అని నీ పేరు రాయించి వచ్చిన. ఒకటో తారీకు పొద్దుగాల ఆరింటికి గేటు కాడ ఉండు. నీలం చొక్కా, విజిలు నీ గోదాముల ఎర్రకోట్ల మూట కిందనే పెట్టిన.